కుదురు లేని ట్యాంకు

పొద్దున సాలూరులో మా క్యారవాన్ (ప్రయాణాల్లో ఇల్లులా వాడుకునే వ్యాను) ట్యాంకులో 120 లీటర్ల నీళ్లు నింపుకొని బయలుదేరాం. సుంకి ఘాటు ఎక్కి, పొట్టంగిలో టీ కోసం ఆగినప్పుడు వ్యాను వెనక రోడ్డు మీద తడి గీత కనిపించింది. ఆ రోజు వాన లేదు, ఏసీ వేసుకోలేదు. వంగి చూస్తే నీళ్ల ట్యాంకు అడుగు నుంచి దారంలా సన్నటి ధార, తెంపు లేకుండా కారుతోంది. జయపురంలో ఇల్లు చేరేసరికి సగం నీళ్లు కూడా మిగల్లేదు.

ఆ సాయంత్రమే మా తమ్ముడికి ఫోను చేశాను. "ఎపాక్సీ జిగురు ముద్ద పెట్టు అక్కా, రాయిలా పట్టేస్తుంది" అన్నాడు. వ్యాను పనులు చూసే మేస్త్రి "ప్లాస్టిక్ పగిలిందంటే దాని పని అయిపోయినట్టే అమ్మా, కొత్తది వేసేద్దాం" అన్నాడు. ఇద్దరూ నా మేలు కోరేవాళ్లే. కానీ ఎందుకు పగిలిందని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న వేసుకోనందుకు ఏడాదిన్నరలో ఒకే ట్యాంకు కోసం మూడుసార్లు డబ్బు పెట్టాను. క్యారవాన్‌లు కట్టుకున్నవాళ్లు నలుగురు కలిస్తే చాలు, పగిలిన ట్యాంకును బాగు చేయాలా, మార్చాలా అని వాదన మొదలవుతుంది. ఆ వాదనలోకి దిగే ముందు ట్యాంకు కింద ఏముందో చూడమని బతిమాలుకోవడానికే ఇది రాస్తున్నాను.

మాది కొరాపుట్ జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. మా తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్నాం, ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. బండికి ఏ చిన్న సామాను కావలసినా ఘాటు దిగాల్సిందే. లారీలకు పేరుపడ్డ సాలూరులో లేకపోతే విజయనగరం, అక్కడా లేకపోతే విశాఖ. అందుకే ఇక్కడ పారేసి కొత్తది కొనడం అంత తేలిక కాదు. ఉన్నదాన్ని ఇంకొన్నాళ్లు నడిపించాలన్న ఆలోచన మాకు పుట్టుకతోనే వస్తుంది. ఆ ఆలోచన మీద నాకు గౌరవం ఉంది. దాన్ని ఎక్కడ ఆపాలో తెలియకపోవడం దగ్గరే చిక్కు.

ముందుగా, కారేది ట్యాంకేనా అన్నది తేల్చుకోవాలి. దీనికి ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. కుళాయిలన్నీ కట్టేసి, పంపు స్విచ్ వేసి ఉంచి పడుకోండి. రాత్రి ఎవరూ నీళ్లు వాడకపోయినా పంపు అప్పుడప్పుడూ గుర్రుమని తిరిగి ఆగుతుంటే, కారేది పంపు తర్వాతి గొట్టాల్లో ఎక్కడో ఉంటుంది. వాటిలో ఒత్తిడి పడిపోయిన ప్రతిసారీ పంపు దాన్ని మళ్లీ నింపుతుంది. పంపు నిశ్శబ్దంగా ఉండి ట్యాంకులో మట్టం మాత్రం తగ్గుతుంటే, లోపం ట్యాంకులోనో, ట్యాంకుకూ పంపుకూ మధ్యనో ఉంటుంది. అప్పుడు కూడా మొదట నిపుల్ (గొట్టం బిగించడానికి ట్యాంకు గోడకు పెట్టే ముక్క) చూడండి. దాని రబ్బరు వాషర్ ఎండి గట్టిపడితే నీరు గోడ వెంట జారి అడుగుకు చేరి, అడుగే పగిలినట్టు కనిపిస్తుంది. పొడి గుడ్డతో అంతా తుడిచి, చుట్టూ కాగితం ముక్కలు అంటించి, ఏది ముందు తడుస్తుందో చూస్తే తెలిసిపోతుంది. చిన్న వాషరుతో పోయేదానికి ట్యాంకు మార్చినవాళ్లు నాకు తెలుసు.

మాది నిజంగానే పగులు. తమ్ముడి మాట విని ఎపాక్సీ ముద్ద పిసికి పెట్టాం. చేతికి రాయిలాగే తగిలింది. వారం తిరక్కముందే, గుప్తేశ్వరం వెళ్లి వచ్చిన మర్నాడు, ముద్ద మొత్తం ఒక్క బిళ్లగా ఊడి చేతిలోకి వచ్చింది. బాగా కాగిన పెనం మీద నుంచి అట్టు లేచినట్టు, ఎక్కడా చిరగకుండా లేచింది. దాని కింది ప్లాస్టిక్ నున్నగా, తళతళలాడుతూ ఉంది. ముద్ద చెడ్డదేమీ కాదు, ఇనుముకూ సిమెంటుకూ అది భేషుగ్గా పట్టుకుంటుంది. నీళ్ల ట్యాంకుల్లో ఎక్కువ భాగం పాలిథీన్‌తో చేస్తారు, పాలిథీన్ మామూలు జిగురు వేటినీ దగ్గరకు రానివ్వదు. తామరాకు మీద నీటిబొట్టు ఎలా నిలవదో, దీని మీద జిగురు అలా పరుచుకోదు. పీవీసీ పైపులు అతికే సిమెంటు కూడా అంతే. అది పీవీసీని కొద్దిగా కరిగించి అతుకుతుంది, పాలిథీన్‌ను కరిగించలేదు. జిగురు పెట్టి దూరప్రయాణం చేయడమంటే, నీళ్లు ఎక్కడ అయిపోతాయో తెలియకుండా బయలుదేరడమే. ఇంటిదాకా చేరడానికి ఒక రోజు మాటుగా మాత్రం వాడుకోవచ్చు.

అసలు విద్య నాకు కుందులి సంతలో కనిపించింది. చిన్నప్పుడు ఇత్తడి బిందెలకు మాట్లు వేసేవాళ్లు వీధుల్లో తిరిగేవారు. ఇప్పుడు వారి చోటులో ప్లాస్టిక్ బిందెలు, బకెట్లు అతికేవారు ఉన్నారు. ఒక పెద్దాయన, పార్వతీపురం వైపు తెలుగు మాట, బొగ్గుల కుంపటి ముందు కూర్చుని, కాల్చిన ఇనుప చువ్వతో పగిలిన బకెట్ అంచును కరిగిస్తూ, మరో ప్లాస్టిక్ ముక్కను అందులోకి కలుపుతున్నాడు. పక్కన గోనె మీద రంగురంగుల ముక్కల కుప్ప. ఒక ముక్క తీసి పెట్టి చూశాడు, పక్కన పడేశాడు. ఇంకొకటి తీశాడు. "అన్నీ అతకవా?" అని అడిగాను. "దాని తల్లి ముక్కే దానికి అతుకుతుందమ్మా. పరాయి ముక్క కరుగుతుంది కానీ కలవదు" అన్నాడు.

పుస్తకాల్లో నేను తర్వాత చదివినదంతా ఆ మాటకు వివరణే. పాలిథీన్‌ను అతకడానికి పాలిథీన్ కడ్డీయే కావాలి, పాలీప్రొపిలీన్ అనే ఇంకో ప్లాస్టిక్‌కు పాలీప్రొపిలీన్ కడ్డీయే. ట్యాంకు మీద త్రికోణంలో అంకె ఉంటే సులువు: 2 గానీ 4 గానీ ఉంటే పాలిథీన్, 5 ఉంటే పాలీప్రొపిలీన్. అంకె లేకపోతే అంచు నుంచి గోరంత చెక్కి నీళ్లలో వేయండి. ఈ రెండూ తేలతాయి, పీవీసీ మునుగుతుంది. తేలిన ముక్కను పట్టకారుతో పట్టి వెలిగిస్తే పాలిథీన్ కొవ్వొత్తిలా వాసన వేస్తూ, చుక్కలుగా కరిగి కారుతుంది. అలా కరగకుండా మాడిపోతుంటే అతికే ప్రయత్నం మానేయండి. లోపల అణువులను ఒకదానికొకటి ముడివేసి చేసే పాలిథీన్ రకం ఒకటి ఉంది, అది ఎంత వేడి చేసినా ద్రవంగా మారదు. దానికి వెల్డింగు లేదు.

మా ట్యాంకు మామూలు పాలిథీన్. నిపుల్ కోసం కోసినప్పుడు వచ్చిన గుండ్రటి బిళ్లను మా ఆయన పనిముట్ల డబ్బాలో దాచి ఉంచారు. దాన్నే కడ్డీలుగా కోసుకున్నాం. బంపర్లు అతికే కుర్రవాడి దగ్గరికి తీసుకెళితే, అతను మొదట పగులు ప్రతి కొస దగ్గరా మూడు మిల్లీమీటర్ల రంధ్రం చేశాడు. పగులు కొస సూదిలా ఉంటుంది, లాగుడంతా అక్కడే చేరి ముందుకు చీలుస్తుంది. గుండ్రటి రంధ్రం పడితే ఆ లాగుడు చుట్టూ పంచుకుపోయి చీలిక ఆగుతుంది. తర్వాత పగులు పొడవునా 'వి' ఆకారంలో గాడి చెక్కాడు. పై పొర ఎండకూ గాలికీ చచ్చిపోయి ఉంటుంది కాబట్టి, లోపలి తాజా ప్లాస్టిక్ మెరిసేదాకా గీకాడు. వేడిగాలి గొట్టంతో గాడినీ కడ్డీనీ కలిపి కరిగిస్తూ నింపాడు. అరగంట పని. చల్లారాక గోరుతో లాగి చూశాను, అతుకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వేలికి తెలియలేదు. అడుగున పాత వార్తాపత్రికలు పరిచి, ట్యాంకు నిండా నీళ్లు పోసి ఒక రోజంతా వదిలేశాం. కాగితం తడవలేదు. (పరీక్షకు కంప్రెసర్ గాలి పట్టించమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. అది ఎందుకు ప్రమాదమో కింద చెబుతాను.)

ఆ అతుకు చివరిదాకా కారలేదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ప్లాస్టిక్ అతుకు నిలవదని కొట్టిపారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఏడాది తర్వాత నీళ్లు మళ్లీ కారాయి, అయితే ఈసారి అతుక్కు జానెడు దూరంలో, కొత్త చోట.

అప్పుడు గానీ ట్యాంకును పూర్తిగా దించి, పెరట్లో బోర్లించి, బురదంతా కడిగి చూడలేదు. మొదటిసారి పగులు చుట్టూ జానెడు మేర కడిగి ఊరుకున్నాం. ఈసారి అడుగు మొత్తం కనిపించింది. రెండు అడ్డ చారలు, రెండు వేళ్ల వెడల్పున, అరిగి నున్నగా మెరుస్తున్నాయి. అవి ట్యాంకు కూర్చున్న రెండు ఇనుప యాంగిళ్ల (ఎల్ ఆకారపు బద్దల) గుర్తులు. ఒక చార మధ్యలో రూపాయి బిళ్లంత గుంట. ఆ గుంట నుంచి నక్షత్రంలా మూడు పాయలు, మేం అతికించిన మొదటి పగులు. యాంగిల్ దగ్గరికి వెళ్లి తడిమితే, గుంట ఉన్న చోటికి సరిగ్గా ఎదురుగా ఒక బోల్టు తల పైకి పొడుచుకుని వేలికి తగిలింది. రెండో పగులు రెండో యాంగిల్ అంచు వెంట, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. బోల్టు తల మీద 120 కిలోలు కూర్చోబెట్టి ఘాటు రోడ్ల మీద తిప్పాం. ఎక్కడ పగలాలో దానికి మేమే చోటు చూపించాం.

లెక్క చూడండి. మా ట్యాంకు 80 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 30 ఎత్తు. అడుగు వైశాల్యం 4000 చదరపు సెంటీమీటర్లు. లీటరు నీరు కిలో, కాబట్టి నిండుగా 120 కిలోలు. అడుగంతా ఆని ఉంటే ఈ బరువు ఆ ప్లాస్టిక్‌కు ఒక లెక్క కాదు. కానీ నాలుగు సెంటీమీటర్ల యాంగిళ్లు రెండు వేస్తే ఆనేది 400 చదరపు సెంటీమీటర్లే, పదో వంతు. మిగతా అడుగంతా గాలిలో వేలాడుతూ, గుంత వచ్చినప్పుడల్లా కిందికి వంగి, పైకి లేస్తుంది. తీగను అటూ ఇటూ వంచి తెంపుతాం కదా, అదే పని రోడ్డు చేస్తోంది.

మన పెద్దవాళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. మట్టికుండను ఏ ఇంటి ఇల్లాలూ ఉత్తి నేల మీద పెట్టేది కాదు. గడ్డితోనో పాత గుడ్డతోనో చుట్టిన కుదురు మీద పెట్టేది, కుండ బరువు ఒక్క చోట మోపు కాకుండా. 'కుదురుగా ఉండు' అని పిల్లలకు చెప్పే మాట ఆ కుదురుదే. ఇంటి మేడ మీద పెట్టే ట్యాంకుకు కూడా అడుగు మొత్తం చదునుగా ఆనాలి, కదలని ట్యాంకుకే ఆ నియమం ఉంది. రోజంతా కుదుపుల్లో ఉండే ట్యాంకుకు రెండు ఇనుప కడ్డీలు చాలని ఎలా అనుకున్నామో ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది.

సగం ట్యాంకుతో ఘాటు ఎక్కడం ఇంకో తప్పు. నిండు కుండ తొణకదన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. నిండుగా ఉంటే నీటికి కదలడానికి చోటుండదు. సగం ఉంటే మలుపు మలుపుకూ 60 కిలోల నీరు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పరిగెత్తి గోడను గుద్దుతుంది. పెద్ద ట్యాంకుల్లో అందుకే లోపల అడ్డు పలకలు పెడతారు. మా అంత ట్యాంకులో అవి ఉండవు. ఘాటుకు ముందు నింపుకోవడమో, ఖాళీ చేసుకోవడమో మేలు.

గాలి గొట్టం సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే పర్లాకిమిడిలో మా స్నేహితుల ట్యాంకు దానివల్లే పోయింది. నీరు లోపలికి వెళుతుంటే లోపలి గాలి బయటికి రావాలి, అందుకే ట్యాంకు పైన సన్నటి గొట్టం ఉంటుంది. వాళ్ల వ్యాను వేసవంతా కదలకుండా ఉంది. కందిరీగ వచ్చి ఆ గొట్టం మూతిలో మట్టి గూడు కట్టింది. మొదటి ప్రయాణంలో ఒక బస దగ్గర, మేడ మీది ట్యాంకు నుంచి పైపు తెచ్చి, వ్యానులో నీళ్లు పోసే మూతికి బిగించి వదిలారు. ఐదు మీటర్ల ఎత్తున్న నీరు చదరపు సెంటీమీటరుకు అర కిలో ఒత్తిడి పెడుతుంది. వాళ్లదీ మా కొలతల ట్యాంకే. గాలి పోయే దారి లేక లోపల ఆ ఒత్తిడి పూర్తిగా నిలిస్తే, పైమూత 4000 చదరపు సెంటీమీటర్ల మీద మొత్తం 2000 కిలోలు, అంటే రెండు టన్నులు. ట్యాంకు పూరీలా ఉబ్బి మూలలు విడిపోయాయి. కంప్రెసర్ గాలి వద్దన్నది ఇందుకే. గాలి గొట్టం మూతికి సన్నటి జల్లెడ గుడ్డ కట్టడానికి రెండు నిమిషాలు పడుతుంది. నింపేటప్పుడు పైపును మూతికి బిగించకుండా వదులుగా పెట్టడానికి అది కూడా పట్టదు.

ఇక బాగు చేయాలా, మార్చాలా. చదునైన గోడ మధ్యలో పగులు, ప్లాస్టిక్ ఇంకా మెత్తగా వంగుతోంది, కారణం తెలిసింది, ఆ కారణాన్ని తీసేశారు. అప్పుడు వెల్డింగు చేయించండి, దిగులు లేకుండా తాగండి. మూలల్లో గానీ నిపుల్ చుట్టూ గానీ పగిలితే, గోరుతో గీస్తే సుద్దలా పొడి రాలితే, పగుళ్లు ఒకటి కంటే ఎక్కువైతే మార్చేయండి. మేం రెండో పగులుతో మార్చాం. మేస్త్రి మొదటి రోజే చెప్పాడు కదా అని ఎవరైనా అనవచ్చు. మొదటి రోజే కొత్తది తెచ్చి అదే బోల్టు మీద కూర్చోబెట్టి ఉంటే, ఏడాదికి అదీ పగిలేది. అతని సలహా మీద నాకున్న అభ్యంతరం అదొక్కటే.

కొత్తది కొనేటప్పుడు తక్కువలో వస్తుందని నీలం డ్రమ్ములు తెచ్చి కోయించేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఆ డ్రమ్ములో అంతకుముందు ఏ రసాయనం వచ్చిందో అమ్మేవాడికే తెలియదు. పాలిథీన్ కొన్ని రసాయనాలను పీల్చుకుంటుంది, తర్వాత నీటిలోకి మెల్లగా వదులుతుంది. ఎంత కడిగినా ఆ వాసన పోదు. తాగునీటిని తాకే పాలిథీన్‌కు ఐఎస్ 10146 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఆ సరుకుతో చేసిందేనా అని అడిగి కొనండి. స్టీలు ట్యాంకు చేయించమని కూడా సలహా వచ్చింది. ఒకటిన్నర మిల్లీమీటర్ల రేకుతో మా కొలతకు దగ్గర దగ్గర 19 కిలోలు, ఆరు మిల్లీమీటర్ల పాలిథీన్ అయితే 9 కిలోలు. గోపాల్‌పూర్ తీరంలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే 304 రకం స్టీలుకు అతుకుల దగ్గర చిల్లులు పడే ప్రమాదం కూడా ఉంది. మేం పాలిథీనే తీసుకున్నాం.

కుదురు సాలూరులో వేయించాం. అదే యాంగిళ్ల మీద ఇంకో రెండు చేర్చి, పైన 18 మిల్లీమీటర్ల నీటికి తట్టుకునే ప్లైవుడ్ పలక పరిచి, బోల్టు తలలన్నీ పలకలోకి దించి, పైన రబ్బరు చాప వేశారు. ట్యాంకును పట్టి ఉంచే ఇనుప పట్టీల కింద కూడా రబ్బరు పెట్టాం. వాటిని బిర్రుగా బిగించలేదు. ఈ ప్లాస్టిక్ ఎండకు పెరుగుతుంది, మా పొడవుకు వేసవిలో మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు, దానికి చోటివ్వాలి. నిపుల్ నుంచి మొదట ఒక అడుగు పొడవు గొట్టం మెత్తటిది వేశాం, కుదుపు నేరుగా నిపుల్‌ను లాగకుండా. సైలెన్సర్ వేడి తగలకుండా ఆ వైపు రేకు అడ్డం పెట్టించాం. ఈ పనికైన ఖర్చు కొత్త ట్యాంకు ధరలో మూడో వంతు కూడా లేదు.

మొదటి నీళ్లకు ముందు ట్యాంకును సబ్బుతో కడిగి అలా నిలవ ఉంచకండి. ఒత్తిడిలో ఉన్న పాలిథీన్ సబ్బు నీటిలో త్వరగా పగుళ్లిస్తుంది. ఐదు శాతం హైపోక్లోరైట్ (క్లోరిన్ బ్లీచ్) ద్రావణం 100 లీటర్లకు 100 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, కుళాయిలన్నీ ఒకసారి తిప్పి, నాలుగు గంటలు ఉంచి పారబోసి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగితే చాలు.

ఇంత తాపత్రయం దేనికి, 20 లీటర్ల క్యాన్లు నాలుగు వేసుకుంటే పోదా అని మా తమ్ముడు ఇప్పటికీ అంటాడు. రెండు రోజుల ప్రయాణానికి అతని మాట నిజమే, నేను ఒప్పుకుంటాను. కానీ మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య దేవమాలి కొండ కింద తెల్లవారుజామున లేచి, ఎవరినీ లేపకుండా కుళాయి తిప్పుకుని ముఖం కడుక్కుంటారు. ఆ సుఖం కోసమే ఈ వ్యాను కట్టుకున్నాం.

పాత ట్యాంకును పారేయడానికి మనసొప్పలేదు. రంపంతో గోడలు విడదీసి, పలకలుగా కోసి, కుందులి సంతకు తీసుకెళ్లి ఆ పెద్దాయనకు ఇచ్చాను. ఒక్కొక్క పలకను రెండు చేతులతో వంచి చూసి కుప్పలో పెట్టుకున్నాడు. సైలెన్సర్ పక్కనున్న గోడ ముక్కను వంచాడు. దాని మీద తెల్లగా గీత పడి, టక్కుమని విరిగింది. "ఇది వద్దమ్మా" అని ఆ రెండు ముక్కలూ తిరిగి నా సంచిలో వేశాడు.